‘వ్యూహం’ ఒక్క మాటతో సరిపెట్టుకోలేం: ఫుట్‌బాల్ జట్టు గురించి వాదించుకోవడానికి తెలుగులో ఉన్న మాటలు

‘టాక్టిక్స్‌ను తెలుగులో ఏమనాలి?’ అని నిన్న ఒక మిత్రుడు ఇక్కడ పోస్టు పెట్టి అడిగితే చాలామంది ‘వ్యూహం’ అన్నారు. కింద ఇంకొకరు ‘మరి ఫార్మేషన్‌ను?’ అంటే దానికీ ‘వ్యూహమే’ అని జవాబు వచ్చింది. ‘గేమ్ ప్లాన్’ అన్నా అదే. ఇది నాకు మింగుడుపడలేదు. ఫుట్‌బాల్ మీద ఇష్టం ఒక కారణమైతే, తెలుగులో ఇంతకన్నా మంచి ఏర్పాటు ఎప్పటినుంచో ఉందన్నది రెండో కారణం. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

పెద్ద టోర్నీకి ముందు జట్టు ప్రకటించిన రోజు అభిమానులు ఎలా వాదించుకుంటారో చూడండి. ఒకాయన కోపం ఫలానా ఆటగాణ్ని తీసుకోలేదని. ఇంకొకాయనకు ఆ విషయంలో పేచీ లేదు గానీ, ఇద్దరు ఒకే తరహా ఆటగాళ్లను మధ్యలో పెడితే ఎలా అన్నది ఆయన బాధ. మూడో ఆయన వెనక ముగ్గురే ఉంటే కష్టం, నలుగురు ఉండాలంటాడు. నాలుగో ఆయన దృష్టంతా మొదటి మ్యాచ్ మీదే: ఆ ప్రత్యర్థి మీద ముందుకెళ్లి ఒత్తిడి పెట్టాలా, వెనక్కి తగ్గి అదను కోసం కాచుకోవాలా? నలుగురూ చివరికి ‘కోచ్ వ్యూహం తప్పు’ అనే రాస్తారు. అప్పటినుంచి ఒకరి మాట ఇంకొకరికి ఎక్కదు, ఎందుకంటే నలుగురూ నాలుగు వేరే విషయాలు మాట్లాడుతున్నారు. ఆ నాలుగింటికీ మన దగ్గర నాలుగు మాటలున్నాయి: ఎంపిక, కూర్పు, మోహరింపు, ఎత్తుగడ. ఇవి నేను కల్పించినవి కావు, రోజూ పేపర్లో కనిపించేవే.

ముందు వ్యూహం సంగతి. ఈ మాటకు పాత అర్థం సేన నిలబడే తీరు. భారతంలో మూడో రోజు కౌరవులు గరుడ వ్యూహం పన్నితే, పాండవులు అర్ధచంద్ర వ్యూహంతో ఎదురు నిలిచారు. పక్షి ముక్కు దగ్గర ఎవరు, రెక్కల్లో ఎవరు, తోక వైపు ఎవరు అన్నదే అక్కడి లెక్క. ఆ లెక్కన ఫుట్‌బాల్‌లో వెనక, మధ్యలో, ముందు ఎందరు నిలబడాలో చెప్పే 4-2-4, 4-3-3, 3-5-2 అన్నీ అచ్చమైన వ్యూహాలే. ఫార్మేషన్ అంటే వ్యూహం అన్నవాళ్లు నిఘంటువు ప్రకారం తప్పు చెప్పలేదు.

కానీ మాట అక్కడ ఆగిపోలేదు. ఈ రోజు ‘పార్టీ వ్యూహం’, ‘వ్యాపార వ్యూహం’, ‘ఎన్నికల వ్యూహకర్త’ అంటున్నాం. అక్కడ ఎవరు ఎక్కడ నిలబడ్డారన్న ఊసే లేదు, ఉన్నది దూరదృష్టితో వేసుకున్న పెద్ద పథకం. ఇంత దూరం నడిచిన మాటను మళ్లీ పాత అర్థంలోకి లాక్కురావడం ఎవరి వల్లా కాదు, అవసరమూ లేదు. వ్యూహాన్ని ఆ పెద్ద పథకానికే వదిలేద్దాం. ఆరేళ్ల పాటు కుర్రాళ్లను తయారు చేయడం, జట్టు ఏ తరహా ఆట ఆడాలో నిర్ణయించుకోవడం లాంటివి వ్యూహం కిందికి వస్తాయి.

అప్పుడు ఫార్మేషన్‌కు ఏ మాట? మోహరింపు. మన క్రికెట్ రాతల్లో ఇది ఎప్పుడో స్థిరపడింది. ‘స్లిప్‌లో ముగ్గుర్ని మోహరించాడు’ అంటే ఎవరికీ అర్థం చెప్పనక్కర్లేదు. మోహరం అన్నది తెలుగులో పాత యుద్ధ పదమే, సేన బారులు తీరడం అందులోనే ఉంది. కొందరు దీన్ని ‘మొహరింపు’ అని రాస్తున్నారు. మొదటి అక్షరానికి దీర్ఘం ఉంది, దయచేసి దాన్ని కాపాడండి. ‘బ్రెజిల్ 1958లో 4-2-4 మోహరింపుతో ప్రపంచ కప్ గెలిచింది’ అని రాసి చూడండి, ఎక్కడా తడబాటు లేదు.

ఇక టాక్టిక్స్‌కు ఎత్తుగడ. మోహరింపుకూ ఎత్తుగడకూ తేడా ఏమిటని అడిగితే నేను మళ్లీ భారతమే చూపిస్తాను. పద్నాలుగో రోజు సైంధవుణ్ని అర్జునుడికి చిక్కకుండా దాచడానికి ద్రోణుడు సేనను ఒక దాని లోపల ఇంకొకటిగా నిలబెట్టాడు. అది మోహరింపు. పొద్దుగూకిందనిపించేలా కృష్ణుడు సూర్యుణ్ని కప్పేశాడు, సైంధవుడు ధీమాగా తల బయటపెట్టాడు. అది ఎత్తుగడ. సైనికులు నిలబడ్డ తీరులో పిసరంత మార్పు లేదు, అయినా ఫలితం తిరగబడింది. భీష్ముడి ఎదుటికి శిఖండిని తేవడంలో ఎంపిక కూడా కలిసింది: ఫలానా మనిషే కావాలి, ఫలానా ప్రత్యర్థి మీదే కావాలి.

ఇప్పుడు మన సొంత ఆటకు వస్తాను. హైదరాబాద్ గురించి తెలిసినవాళ్లకు సయ్యద్ అబ్దుల్ రహీం పేరు పరిచయం చేయనక్కర్లేదు. బడిపంతులుగా పనిచేసిన రహీం సాబ్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు అప్పట్లో దేశంలో పేరున్న టోర్నీ రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీస్ చేరింది, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ కాలపు ఆటగాడే. ఇంత జరిగిన గడ్డ మీద ఫుట్‌బాల్ గురించి తెలుగులో మాట్లాడటానికి మాటలు వెతుక్కునే స్థితి ఉందంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

1962 జకార్తా ఆసియా క్రీడలనే తీసుకుందాం, ఈ మాటలన్నీ అక్కడ పరీక్షకు నిలబడతాయి. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడాం. తర్వాత థాయ్‌లాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0. థాయ్‌లాండ్‌తో ఆటలో జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. జర్నైల్ అంటే వెనక గోడలా నిలబడే డిఫెండర్. గాయపడ్డవాణ్ని మామూలుగా కూర్చోబెడతారు. రహీం సాబ్ మాత్రం అతణ్ని ముందుకు పంపి సెంటర్ ఫార్వర్డ్‌గా, అంటే ముందు వరస మధ్యలో గోల్స్ కొట్టే ఆటగాడిగా ఆడించారు, వెనక మధ్యలో బాధ్యత అరుణ్ ఘోష్‌కు అప్పజెప్పారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచిన ఆటలో జర్నైల్ ఒక గోల్ కొట్టాడు, మిగతా రెండూ కెప్టెన్ చునీ గోస్వామివి. ఫైనల్‌లో మళ్లీ అదే దక్షిణ కొరియా. మొదట పి.కె. బెనర్జీ, ఆ వెంటనే జర్నైల్. స్టేడియం మొత్తం మనకు వ్యతిరేకంగా అరుస్తుండగా 2-1తో గెలిచాం.

ఫైనల్ ముందు రోజు రాత్రి మనలాంటి అభిమానులు నలుగురు కూర్చుని ఉంటే ఎంత టెన్షన్ పడి ఉండేవారో! ‘తలకు కుట్లున్నవాడితో హెడర్లు కొట్టిస్తారా?’ అని ఒకరు తప్పకుండా అరిచి ఉండేవారు. ఆ వాదనను ‘వ్యూహం’ అన్న ఒక్క మాటతో చెప్పి చూడండి, ఏమీ తేలదు. నాలుగు మాటలతో చెప్పండి. ఎంపిక మారలేదు, జకార్తాకు వెళ్లినవాళ్లే ఆడారు. మారింది ముందుగా కూర్పు: డిఫెండర్ ఫార్వర్డ్ అయ్యాడు, అతని చోటికి ఇంకొకడు జరిగాడు, గోల్ దగ్గర ప్రద్యుత్ బర్మన్ బదులు పీటర్ తంగరాజ్ వచ్చాడు. దాని వెనక ఉన్నది ఎత్తుగడ: కొరియా డిఫెండర్ల మీదికి వాళ్లు ఊహించని మనిషిని, బలమైన మనిషిని వదలడం. ముందు నిలబడేవాళ్ల లెక్క అదే ఉన్నా ఆ లెక్కలో ఉన్న మనిషి వేరు. కాబట్టి మోహరింపు గురించి గొడవపడాల్సిన పనే లేదు. నాకు తెలిసి మన జాతీయ జట్టు చరిత్రలో ఇంతకన్నా గొప్ప ఎత్తుగడ లేదు. మరుసటి ఏడాది జూన్‌లోనే రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు.

కూర్పు గురించి ఇంకొక్క మాట. 1970 ప్రపంచ కప్‌కు ముందు బ్రెజిల్‌లో పెలే, టోస్టావ్ ఇద్దరినీ ఒకేసారి ఆడించవచ్చా అని పెద్ద చర్చ నడిచింది. ఇద్దరి ఆటా ఒకే చోట పడుతుందన్నది అనుమానం. టోర్నీకి కొన్ని నెలల ముందు కోచ్ సల్దాన్యాను తప్పించి జగాలోను తెచ్చారు. జగాలో ఆ ఇద్దర్నీ ఆడించాడు, ఫైనల్‌లో ఇటలీని 4-1తో ఓడించాడు. ఆ చర్చ ఎంపిక గురించి కానే కాదు, పెలేను తీసుకోవద్దని అడిగేవాళ్లు ఎంతమంది ఉంటారు? ఉన్న మంచివాళ్లను ఒకరికొకరు అడ్డం పడకుండా ఎలా కలపాలన్నదే ప్రశ్న. ‘జట్టు కూర్పు’ అంటే సరిగ్గా అదే.

ఇక నన్ను అన్నిటికన్నా ఇబ్బంది పెట్టే మాట ‘వేటు’. జట్టులో లేని ప్రతి ఆటగాడి పేరు పక్కనా మన క్రీడా పేజీలు దీన్ని అతికిస్తాయి. 2002 ప్రపంచ కప్‌కు ముందు బ్రెజిల్ కోచ్ స్కొలారి రొమారియోను తీసుకోలేదు. దేశమంతా అతను కావాలని పట్టుబట్టినా వినలేదు. వెనక ముగ్గురు డిఫెండర్లతో జట్టును నడిపించి యొకొహామా ఫైనల్‌లో జర్మనీ మీద 2-0తో గెలిచాడు, రెండు గోల్సూ రొనాల్డోవే. రొమారియో విషయంలో ‘వేటు’ అని రాస్తే కొంత అర్థం ఉంది, ఎందుకంటే అది కావాలని, గట్టిగా తీసుకున్న నిర్ణయం. కానీ జకార్తా ఫైనల్‌లో బర్మన్ మీద ‘వేటు పడింది’ అని రాస్తే ఆ కుర్రాడికి అన్యాయం చేసినట్టే. అతను ఏ తప్పూ చేయలేదు, సీనియర్ తంగరాజ్ తిరిగొచ్చాడు, అంతే. వేటు అంటే దెబ్బ, అందులో నేరం, శిక్ష వినిపిస్తాయి. గాయమైతే ‘దూరమయ్యాడు’ అనండి. ఇంకొకరికి అవకాశం ఇస్తే ‘పక్కన పెట్టారు’ అనండి. మొదటినుంచీ లెక్కలో లేనివాడైతే ‘చోటు దక్కలేదు’ అనండి. అభిమానుల కొట్లాటల్లో సగం వేడి ఈ ఒక్క శీర్షిక పదం నుంచే పుడుతోందని నా గట్టి నమ్మకం.

నిన్నటి జవాబుల్లో వచ్చిన అభ్యంతరాలకు కూడా ఇక్కడే చెబుతాను.

‘ఎత్తుగడ అంటే కుట్ర వాసన వస్తుంది’ అన్న అక్కయ్య గారికి: నిజమే, ‘ఇదంతా ఓట్ల ఎత్తుగడ’ అన్నప్పుడు వస్తుంది. కానీ ఆ వాసన మాటకు పుట్టుకతో వచ్చింది కాదు, వాడిన చోటును బట్టి వచ్చింది. చదరంగంలో ఎత్తు వేస్తాం, అవతలివాడు పైఎత్తు వేస్తాడు. అందులో మోసం లేదు, బుర్రే ఉంది. ‘పైఎత్తు’ మనకు ఉచితంగా దొరికే ఇంకో మంచి మాట. అవతలి కోచ్ విరామంలో మార్చినదానికి మనవాడు మార్చినది పైఎత్తు.

‘ఎత్తుగడ అంటే కథ మొదలుపెట్టే తీరు కదా’ అన్న మాస్టారికి: అవునండీ, ‘ఎత్తుగడ బాగుంది, ముగింపు తేలిపోయింది’ అని కథల గురించి అంటాం. రెండు అర్థాలూ పక్కపక్కనే బతుకుతున్నాయి. మైదానం గురించి మాట్లాడుతుంటే ఎవరూ కథ అనుకోరు. పైగా ‘వ్యూహం, ఎత్తుగడలు’ అని జంటగా, పెద్ద పథకం ఒకటీ దాని లోపలి కదలికలు ఒకటిగా విడదీసి వాడటం మన వామపక్ష రాజకీయ సాహిత్యంలో దశాబ్దాల నుంచీ ఉంది. ఆ స్పష్టత ఆటకు కూడా పనికొస్తుందని నా మనవి.

‘అయితే డిఫెండర్‌ను రక్షకుడు, మిడ్‌ఫీల్డర్‌ను మధ్యస్థుడు అందామా?’ అన్న తమ్ముడికి: వద్దు నాన్నా. గోల్, పాస్, కార్నర్, డిఫెండర్, ఆఫ్‌సైడ్ అన్నీ తెలుగైపోయాయి, వీధిలో ఆడే పిల్లలు అవే అంటారు. మధ్యస్థుడు అంటే పంచాయితీ తీర్చేవాడు గుర్తొస్తాడు. వస్తువులకూ స్థానాలకూ వచ్చిన పేర్లను ఉండనిద్దాం. ఆలోచనకు, వాదనకు సంబంధించిన మాటల్లో మాత్రం మనకున్నవి వదులుకోవద్దు.

‘ప్రెసింగ్’ (బంతి ఉన్నవాడి మీదికి వెళ్లి ఒత్తిడి పెట్టడం), ‘మార్కింగ్’ దగ్గర మాత్రం నాకు ఇంకా తృప్తి కుదరలేదు. మార్కింగ్‌కు ‘కాపు కాయడం’ దగ్గరగా ఉంది గానీ, ఒక మనిషిని వదలకుండా వెంటాడటం అందులో పూర్తిగా రావడం లేదు. సికింద్రాబాద్ మైదానాల్లో గానీ, విశాఖ వైపు గానీ, సింగరేణి ఊళ్లలో గానీ ఆడినవాళ్లు ఇక్కడ ఉంటే, ఆటలో ఒకరికొకరు వీటిని ఏమని కేకేసుకునేవారో ఉన్నదున్నట్టు కింద రాయండి. ఉర్దూ మాటైనా సరే, సగం ఇంగ్లిష్ అయినా సరే.