‘అరిగిపోయిన రికార్డు’ తప్పు మాటా?

‘అరిగిపోయిన రికార్డులా చెప్పిందే చెప్పకు’ అనే వాడుక తప్పని నిన్న ఒక మిత్రులు మన గుంపులో రాశారు. ఇంగ్లీషువాళ్ళు ‘విరిగిన రికార్డు’ అంటారనీ, మనవాళ్ళు దాన్ని సరిగా అర్థం చేసుకోక ‘అరిగిన’ అని మార్చేశారనీ వారి వాదన. దాని కింద ఇంకొకరు, రికార్డులే పోయాక ఆ జాతీయం మాత్రం ఎందుకు, పాఠ్యపుస్తకాల్లోంచి తీసేయవచ్చు అన్నారు. ఈ రెండు మాటలూ నాకు సమ్మతం కావు. కాస్త ఓపికగా చదవమని మనవి.

మా నాన్నగారు చిత్తూరులో మైకు సెట్లు అద్దెకు ఇచ్చేవారు. పెళ్ళిళ్ళు, జాతరలు, ఎన్నికలు అన్నిటికీ పెట్టెల నిండా ప్లేట్లు, అంటే పాటల రికార్డులు, బండి మీద వెళ్ళేవి. రికార్డుల ప్లాస్టిక్‌కు ఇప్పుడు చెప్పే ‘వినైల్’ అన్న మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. పాతవి లక్క ప్లేట్లు, కొత్తవి ఎక్కువసేపు పాడే ఎల్పీలు, అంతే. లక్క అంటే మనకు తెలిసిన లక్కే. గాజులకూ లక్కపిడతలకూ వాడే ఆ పదార్థంలో మెత్తటి రాతిపొడి, మసి కలిపి, అచ్చులో వేసి నొక్కితే నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేటు తయారయ్యేది. ఆ రాతిపొడి ఊరికే కలిపింది కాదు. గ్రామఫోను ఉక్కు ముల్లు ప్లేటు మీది గాడిలో కూర్చోవాలంటే దాని మొన గాడి ఆకారానికి అరగాలి. అందుకే పాట పాటకూ ముల్లు మార్చమనేవారు. చిన్న రేకు డబ్బాల్లో ముళ్ళు అమ్మేవారు కూడా. కానీ మొదటి పాటకు వేసిన ముల్లుతోనే పది పాటలు లాగించేవాళ్ళు ఎక్కువ. అప్పుడు అరిగేది ముల్లు ఒక్కటే కాదు, గాడి గోడ కూడా.

ప్లేటు మీద కనిపించే వలయాలు విడివిడి గీతలు కావు. అంచు నుంచి మధ్య దాకా సాగే ఒకే ఒక గాడి అది. పక్కపక్క చుట్ల నడుమ ఉండేది వెంట్రుకవాసి గోడ. అది బరువైన ముల్లు కింద అరిగి అరిగి ఒకచోట తెగితే, ముల్లు అప్పుడే దాటివచ్చిన చుట్టులోకి జారిపోతుంది. మళ్ళీ తిరిగి అదే చోటికి వస్తుంది, మళ్ళీ జారుతుంది. గీత పడినా ఇలాగే జరుగుతుంది, కాదనను. విరిగిన ప్లేటు మాత్రం పాడదు. రెండు ముక్కలుగా చేతిలోకి వస్తుంది. కాబట్టి చెప్పిందే చెప్పడానికి ‘అరిగిన’ అన్నదే పనితనం తెలిసినవాళ్ళ మాట. ఎవరి మాటకూ చెడిపోయిన అనువాదం కాదు.

తెలుగులో అరగడం ఎలాంటి క్రియో చూడండి. అన్నం అరుగుతుంది. సాన మీద గంధం అరుగుతుంది. కార్యాలయం చుట్టూ తిరిగి తిరిగి చెప్పులు అరుగుతాయి. ఒక్కసారిలో అయ్యేది ఏదీ అరగడం కాదు. పదే పదే తాకడం ఆ మాటలోనే ఉంది. ‘విరిగిన’లో అది లేదు. మా దుకాణంలో ఎవరూ అడగని ప్లేటు ఒక్కటీ అరగలేదు, కొన్ననాటి నిగనిగతో అలాగే ఉండిపోయింది.

ఇంకొక ముచ్చట. ‘గాడి తప్పడం’ బండి చక్రాల గాడి నుంచి పుట్టిన మాట. ప్లేటు విషయంలో అదీ అతికినట్టు సరిపోయింది. ముల్లు గాడి తప్పినప్పుడే పాట ఒకేచోట చిక్కుకుంటుంది.

ఎంత భాగం మళ్ళీ మళ్ళీ వినిపిస్తుందన్నది చుట్ల వేగాన్ని బట్టి ఉంటుంది. నిమిషానికి 78 చుట్ల ప్లేటులో ఒక చుట్టుకు ముప్పావు సెకను. ఒకటి రెండు అక్షరాలు, మహా అయితే ఒక చిన్న మాట. అమెరికాలో కొలంబియా సంస్థ 1948లో తెచ్చిన ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. దాని ఒక చుట్టుకు 1.8 సెకన్లు. తిరుపతిలో మా తాతగారింట్లో ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం ఎల్పీ ఉండేది. హెచ్‌ఎంవీ రికార్డు కంపెనీ 1963లో విడుదల చేసినది. అందులో ‘ఉత్తిష్ఠ’ దగ్గర ముల్లు నిలిచిపోయేది. ఆ శ్లోకంలో ఆ మాట ఎలాగూ నాలుగుసార్లు వస్తుంది కదా, స్వామిని లేపడానికి అన్నిసార్లు పిలవాలి కాబోలు అనుకునేవాణ్ణి. తాతగారు లేచి వెళ్ళి ముల్లుచేతి మీద పావలా బిళ్ళ పెట్టేవారు. బరువుకు ముల్లు గాడి తప్పకుండా ఆ చోటు దాటేది, శ్లోకం ముందుకు సాగేది. ఆ బరువుకే గాడి ఇంకాస్త అరిగేది.

ఇక రెండో వాదన. వస్తువు పోయింది కనుక మాటను తీసేయాలన్నది. ఈ సందర్భంలో ఒక చిన్న రికార్డు సంస్థ కథ చెప్పాలి. న్యూయార్క్‌లో మోజెస్ ఆష్ అనే ఆయన, మేరియన్ డిస్ట్లర్ అనే ఆవిడతో కలిసి 1948లో ఫోక్‌వేస్ అనే ఆ సంస్థను స్థాపించారు. అంతకు ముందు ఆయన నడిపిన డిస్క్ అనే సంస్థ దివాలా తీసింది. పెద్ద కంపెనీల దారి వేరు. అమ్ముడుపోని రికార్డును జాబితాలోంచి తీసేస్తారు. ఆష్ తీయలేదు. ఏడాదికి పట్టుమని పది మంది అడగకపోయినా ఆ ప్లేటు దొరికేలా చూశాడు. ప్రతి ప్లేటుతో పాటు వివరాల పుస్తకం ఒకటి ఇచ్చేవాడు. జానపద గీతాలు, కవితలు, మన దేశపు సంగీతం, చివరకు కప్పల అరుపులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. 1986లో ఆయన మరణించేనాటికి 2,168 రికార్డులు. మరుసటి ఏడాది అమెరికా జాతీయ మ్యూజియంలను నడిపే స్మిత్‌సోనియన్ సంస్థ వాటిని తీసుకున్నప్పుడు ఒప్పందంలో ఒక షరతు ఉంది: ఒక్క రికార్డూ వదలకుండా అన్నీ దొరుకుతూ ఉండాలని.

ఎందుకిలా అని అడిగినవాళ్ళకు ఆష్ చెప్పిన పోలిక మన గుంపు కోసమే చెప్పినట్టు ఉంటుంది. ‘ఎస్’ కన్నా ‘జె’ తక్కువ వాడుతున్నామని నిఘంటువులోంచి ‘జె’ను తీసేస్తామా అన్నాడు. మన ‘ఙ’ సంగతి ఏమిటి? దాన్ని వాడి ఎన్నాళ్ళయిందో మీలో ఎవరైనా చెప్పగలరా? అయినా వర్ణమాలలో దాని చోటు దానిదే.

ఫోక్‌వేస్ 1952లో ఒక జానపద సంకలనం తెచ్చింది. హారీ స్మిత్ అనే సేకర్త తన దగ్గరున్న 78 చుట్ల ప్లేట్ల నుంచి 84 పాటలు ఏరి ఇచ్చాడు. అవి ఎక్కువగా 1927, 1932 మధ్య రికార్డయినవి. ఎవరిళ్ళలోనో ముల్లు తిరిగిన ప్లేట్ల నుంచే ఆ పాటలు ఎల్పీల మీదికి ఎక్కాయి. వాటి గరగర కూడా వెంట వచ్చింది. వాటిని విని పాటలు నేర్చుకున్న తరం ఒకటి ఆ దేశంలో ఉంది.

(కింది వ్యాఖ్యలకు జవాబుగా)

మదనపల్లె అక్కగారికి: అవునండీ, ‘రికార్డింగ్ డాన్సు’ అన్న మాటా ఇలా మిగిలిందే. ప్లేటు వేసి దానికి ఆడేవారు కనుక ఆ పేరు. ప్లేట్లు పోయినా పేరు పోలేదు. ‘ఆయన పద్యాలు రికార్డులుగా ఇచ్చారు’ అన్న పాత వాడుక గుర్తు చేసినందుకు కృతజ్ఞతలు. ఇప్పుడు అందరూ ‘రికార్డు చేశారు’ అంటున్నారు. గాయకుడు ‘ఇవ్వడం’లో ఉన్న గౌరవం ‘చేయడం’లో నాకు కనిపించదు. ఆ వాడుకను మళ్ళీ రాతలోకి తేవాలని నా కోరిక.

అన్నమయ్య రాగిరేకులను రికార్డులతో పోల్చవచ్చా అని అడిగిన వారికి: సగం వరకే. తిరుమలలో దొరికిన రేకుల మీద సాహిత్యం ఉంది, పైన రాగం పేరు ఉంది, స్వరం లేదు. ఇన్ని వందల ఏళ్ళకు మాట చెక్కుచెదరలేదు, వరస మాత్రం పోయింది. ‘నానాటి బతుకు’కు నేదునూరి కృష్ణమూర్తి గారు వరస కడితే ఎమ్మెస్ గారి గొంతులో ఊరంతా విన్నది. రేకు మాటను దాచింది, ప్లేటు గొంతును దాచింది. అరిగే గుణం ప్లేటుదే.

చివరగా నాదొక ప్రశ్న. బాగా తిరిగిన ప్లేటును వెలుతురులో పట్టుకుంటే, నలుపు పోయి గాడి బూడిద రంగుకు తిరిగిన చోటు కనబడుతుంది. మా నాన్నగారు దాన్ని ‘ప్లేటు నెరిసింది’ అనేవారు. ఇది మా దుకాణం మాటేనా, చిత్తూరు మాటా, ఇంకెక్కడైనా ఉందా? మైకు సెట్ల పని తెలిసిన పెద్దలు మీ ఇళ్ళలో ఉంటే అడిగి రాయండి.