చలి పొద్దున తెల్ల పొగ: నాజిళ్లు బాగున్నాయి, మరి తేడా ఎక్కడ?

మాది ఆదిలాబాద్ వైపు. మూడు సిలిండర్ల డీజిల్ ట్రాక్టర్, డైరెక్ట్ ఇంజెక్షన్ (డీజిల్ నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది), చలిలో ముందే వేడిచేసే గ్లో ప్లగ్‌లు లేవు. పొద్దున 8–10 డిగ్రీల చలిలో స్టార్ట్ చేస్తే ఐదు నిమిషాలదాకా కళ్లు మండే తెల్ల పొగ, పచ్చి డీజిల్ వాసన. ఇంజిన్ వేడెక్కాక పోతుంది, మధ్యాహ్నం అసలు రాదు. రేడియేటర్‌లో నీళ్లు తగ్గట్లేదు, కాబట్టి అది నీటి ఆవిరి అనుకోను.

ఫిల్టర్లు మార్చాం, డీజిల్ లైన్లో ఎయిర్ తీశాం. నాజిళ్లు (డీజిల్ చిమ్మే మొనలు) టెస్టర్ మీద 200 బార్ ఒత్తిడి దగ్గర సన్నని తుంపరగా కొడుతున్నాయి, చుక్క కూడా కారట్లేదు. కానీ ఆ పరీక్ష మామూలు గాలిలోనే కదా! సిలిండర్ లోపల గాలి 30 బార్ దాటి నొక్కుకుని ఉంటుంది. అది చాలినంత వేడెక్కకపోతే డీజిల్ ఆవిరి కాకుండా పిస్టన్ తల మీది గుంతకు తగిలి తడిగా మిగిలిపోతోందని నా అనుమానం.

ఇలాంటప్పుడు ముందు కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఎంత నొక్కుకుంటోందో) చూపించాలా, పంపు టైమింగా (డీజిల్ ఏ క్షణాన చిమ్ముతోందో)?