బతుకమ్మ పడవ ప్రయాణం: రోజు, గంట తేల్చుకుందాం

పడవల బాధ్యత (దేవరకొండ)

అందరికీ నమస్తే. హాలు దొరికినంక పడవల టైమ్ చూద్దామని మొన్నటి మీటింగ్‌ల అనుకున్నం. నేను దాన్ని తిరగేయమని అడుగుతున్న. ముందు లండన్‌ల థేమ్స్ నది ఏ పూట ఎటు పారుతదో చూసి పడవల గంట పెట్టుకుందాం, హాలు దానికి తగ్గట్టు తీసుకుందాం.

నల్లగొండ, పాలమూరు నుంచి ఈసారి మస్తుమంది పెద్దోళ్ళు వస్తున్నరు, వాళ్ళ కోసం వివరంగ రాస్తున్న. మనకు తెల్సిన కృష్ణ సోమశిల దగ్గరైనా వాడపల్లి దగ్గరైనా ఒక్క దిక్కే పోతది. లండన్‌ల థేమ్స్ అట్ల కాదు. సముద్రం పోటుకు వెనక్కి మళ్ళుతది, నగరమంతా దాటి పడమట టెడ్డింగ్టన్ లాక్ (పడవలు దాటే గేట్ల కట్ట) దాకా ఇదే తీరు. దగ్గరదగ్గర ఆరు గంటలు ఎగువకు, ఇంకొంచెం ఎక్కువసేపు దిగువకు. పెద్ద పోటు రోజుల్ల లండన్ బ్రిడ్జి దగ్గర నీళ్ళు ఏడు మీటర్ల దాకా లేసి దిగుతయి. అంటే రెండంతస్తుల ఇల్లంత ఎత్తు.

అందుకే తిథి చూడాలె. ఎంగిలిపూల బతుకమ్మ అమావాస్య నాడు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు పోటు మహా జోరు మీదుంటది, వంతెనల స్తంభాల నడుమ నీళ్ళు ఉరుకుతయి. సద్దుల బతుకమ్మ అష్టమి నాడు, అంటే సగం చంద్రుడు. పోటు మెత్తబడే రోజులవి. సద్దులకు దగ్గర పడే శనివారమే తీసుకోవాలని నా గట్టి మాట.

ఇంకో లాభం కూడా ఉన్నది. అమావాస్య రోజుల్ల లండన్ బ్రిడ్జి దగ్గర నిండు పోటు మధ్యాహ్నం రెండు మూడు గంటల ప్రాంతంల వస్తది, పొద్దుగాల నుంచి నీళ్ళు ఎగువకే. అది రోజుకు యాభై నిమిషాల లెక్కన జరుగుకుంట పోతది, అష్టమి వచ్చేసరికి పొద్దున ఎనిమిది తొమ్మిది గంటలకు నిండుతది. అప్పుడు పార్లమెంటు దగ్గరి వెస్ట్‌మిన్‌స్టర్‌ల ఎక్కితే నీళ్ళ వాలుకే తూర్పున ఉన్న గ్రీనిచ్ దాకా దిగొచ్చు. రోజు ఖరారైనంక ఈ నదిని చూసుకునే పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ పోటు పట్టిక చూసి నిమిషాలతో సహా పెడత.

పెద్దల బాధ్యత (మిర్యాలగూడ)

అన్నా, నాకు ర్యాంపు గురించే రంది. ఇక్కడి పీర్లు, అంటే పడవలెక్కే వేదికలు, నీళ్ళ మీద తేలుతయి కదా. నీళ్ళు దిగినప్పుడు ఒడ్డు నుంచి దిగే ర్యాంపు ఎంత వాలుగ ఉంటదో మా అత్తమ్మను తీసుకపోయినప్పుడు చూసిన, మోకాళ్ళ నొప్పి ఉన్నోళ్ళకు శానా కష్టం. నిండు నీళ్ళల్ల అయితే సాపుగ ఉంటది. ఎక్కేటప్పుడు సరే, గ్రీనిచ్‌ల దిగేటప్పుడో?

పడవల బాధ్యత (దేవరకొండ)

అక్కా, అసలైన మాట అడిగినవ్. తొమ్మిదికి ఎక్కితే పదిన్నర లోపల గ్రీనిచ్‌ల దిగుతం, అప్పటికి నీళ్ళు సగం కూడా తగ్గవు. ఆలస్యం అయిందంటే మాత్రం నువ్వన్న కష్టమే వస్తది. అందుకే ఎనిమిదిన్నరకల్లా అందరూ పీర్ దగ్గర ఉండాలె. తిరిగొచ్చేది కట్టీ సార్క్ స్టేషన్‌ల డీఎల్ఆర్ రైలు ఎక్కి.

పడవకు పన్నెండు మందే. అంతకు మించి ప్రయాణికులను ఎక్కించాలంటే మారిటైమ్ అండ్ కోస్ట్‌గార్డ్ ఏజెన్సీ (ఓడల భద్రత చూసే సర్కారు సంస్థ) సర్టిఫికెట్ ఉన్న పడవ కావాలె. పిల్లలూ లెక్కలకే వస్తరు, "ఒక్కరే కదా, సర్దుకుంటం" అని ఎవరూ అడగొద్దు.

యువజన బృందం (కల్వకుర్తి)

మాకు మేమే నడుపుకునే పడవలు కావాలె అన్నా. పార్లమెంటు ముంగట తెడ్డు వేయాలని మా వాళ్ళ కోరిక. మా తాత పంచదేవ్ పహాడ్ దగ్గర పుట్టి వేసినోడు.

పడవల బాధ్యత (దేవరకొండ)

తమ్మీ, తెడ్డు మీ చేతికే ఇస్తం, కానీ వెస్ట్‌మిన్‌స్టర్ నుంచి టవర్ బ్రిడ్జి దాకా మన సంఘం పేరు మీద ఎవరూ సొంతంగ తెడ్డు వేయొద్దు. ఈ మాట మీద నేను నిలబడత. అక్కడ ఫెర్రీలు, చెత్త మోసే బార్జీలు ఒకదాని ఎనక ఒకటి పోతయి, వాటి అలలు గోడలకు కొట్టి మళ్ళా మన మీదికే వస్తయి. 1989 ఆగస్టు 20న, తెల్లారకముందే, కానన్ స్ట్రీట్ రైలు వంతెన దగ్గర మార్షియోనెస్ అనే విహార పడవను బోబెల్ అనే డ్రెడ్జర్ (అడుగు ఇసుక తోడే ఓడ) గుద్దింది. 51 మంది పోయిన్రు. పుట్టినరోజు పండుగకు ఎక్కిన పడుచు పిల్లలే ఎక్కువ. ఆ ప్రమాదం మీద జరిగిన విచారణ తర్వాతనే 2002ల థేమ్స్ మీద ఆర్ఎన్ఎల్ఐ (నీళ్ళల్ల ఆపదల ఉన్నోళ్ళను కాపాడే సంస్థ) లైఫ్‌బోట్ స్టేషన్లు వచ్చినయి. వాటర్లూ బ్రిడ్జి పక్కన ఉన్నదే దేశం మొత్తంల ఎక్కువ పిలుపులకు పోయే స్టేషన్.

మీకు లండన్ పడమటి దిక్కున ఉన్న రిచ్‌మండ్ మంచిది. అక్కడ 1894ల కట్టిన గేట్లున్నయి. నిండు పోటుకు ముందు రెండు గంటలు, తర్వాత రెండు గంటలు లేపి పెడతరు, మిగతా టైమ్‌ల దించి ఎగువన నీళ్ళు తగ్గిపోకుండ ఆపుతరు. ఆ పైన టెడ్డింగ్టన్ దిక్కు తెడ్డు పడవలు కిరాయికి దొరుకుతయి, చెట్లు, లంకలు, నిమ్మళమైన నీళ్ళు. గేట్ల దిక్కు మాత్రం పోవద్దు. లండన్ బ్రిడ్జి కంటే అక్కడ నిండు పోటు ఇంచుమించు గంట ఆలస్యం, అది గుర్తు పెట్టుకోండి.

గ్రీనిచ్ పడవల వచ్చే చిన్న పిల్లలకు ఒక పని: వంతెనల కమాన్లను చూడుమనుండ్రి. గడ్డి కట్ట వేలాడుతుంటే అక్కడ పని నడుస్తున్నది, ఎత్తు తగ్గిందని గుర్తు. మూడు ఎర్ర గుండ్రాలు ఉంటే ఆ కమాను మూసినట్టు. నాకైతే ఇంత పెద్ద నగరంల ఇప్పటికీ గడ్డి కట్ట కడతరంటే ఎంతో సంబురం.

హాలియా నుంచి

బిడ్డా, మీ పిన్ని రెండు సంగతులు అడుగుతున్నది. చీర మీద లైఫ్ జాకెట్ ఎట్ల వేసుకోవాలె? బతుకమ్మను ఆ నదిల సాగనంపొచ్చా?

పూల బాధ్యత (నాగర్‌కర్నూల్)

కాకా, పిన్నికి చెప్పుండ్రి: కొంగు నడుముకు చెక్కి, పైన స్వెటర్, ఆ పైన జాకెట్. జాకెట్ మీద శాలువ కప్పుకోవద్దు. అక్టోబర్ల నది మీద గాలి చలిగ కొడతది, మెడకు మఫ్లర్ తెచ్చుకోండి.

బతుకమ్మను నదిల వేయం కాకా. పడవల నుంచి ఒక్క పువ్వు కూడా వేయొద్దని నేనే పట్టుబట్టిన, ఆ నీళ్ళు రేపు మళ్ళా ఇదే ఒడ్డుకు తెస్తయి. హాలు ఆవరణల పెద్ద తొట్టి పెడతం. ఆడి, పాడి అందులనే సాగనంపుదాం. పూలు తర్వాత ఎరువుకు పోతయి. సత్తుపిండి, నువ్వుల ముద్దలు, మలీద నా జిమ్మ.

పెద్దల బాధ్యత (మిర్యాలగూడ)

పిల్లల జాకెట్లు బరువును బట్టి ఇస్తరట. ఆదివారం లోపల పిల్లల బరువులు నాకు పంపుండ్రి. నీళ్ళు దిగినప్పుడు ఒడ్డు బురదల పాత పెంకులు కనిపిస్తే పిల్లలు దిగి ఏరొద్దు, దానికి కూడా పోర్ట్ అథారిటీ పర్మిట్ ఉండాలె.

పడవల బాధ్యత (దేవరకొండ)

ఫస్ట్ ఎయిడ్ నేర్చుకున్నోళ్ళు పడవకు ఒక్కరన్నా కావాలె. ఏమన్నా అయితే 999కు ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్‌ను అడగాలె, ఈ ముక్క ప్రతి పడవల ఇద్దరికి తెల్సి ఉండాలె. శనివారం సంగతి మీద అభ్యంతరం ఉంటే ఇయ్యాళే చెప్పుండ్రి. రేపు పొద్దున హాలోళ్ళకు ఫోన్ చేస్త.