మోడల్ రైళ్లకీ, అసలు ఆవిరి బండ్లకీ కలిపి ఒకే కెమెరా సరిపోతుందా? (ఫోరం చర్చ, ప్రతి పోస్టు పైన ఉన్నది రాసినవారి మారుపేరు)

పట్టాల పక్కన

అందరికీ నమస్కారం. నాకున్న పిచ్చి రెండు రకాలు, రెండూ రైళ్లవే. ఇంట్లో హెచ్‌ఓ స్కేల్ (అసలు బండిలో 87వ వంతు సైజు) మోడల్ రైలు లేఅవుట్ ఒకటి ఉంది, సెలవు దొరికితే హెరిటేజ్ లైన్ల మీద, అంటే పాత బండ్లని కాపాడి నడిపే దారుల మీద, ఇంకా నడుస్తున్న ఆవిరి ఇంజన్లని చూడడానికి వెళ్తుంటాను. ఇన్నాళ్లూ రెండింటినీ ఫోన్‌తోనే తీస్తున్నాను. లేఅవుట్ వీడియోలు ఫర్వాలేదనిపిస్తున్నాయి గానీ అసలు ఇంజన్ల దగ్గరికి వచ్చేసరికి ఏదీ కుదరడం లేదు, దూరం నుంచి జూమ్ చేస్తే బొమ్మ అలుక్కుపోతోంది, ఆవిరంతా తెల్ల ముద్దలా వస్తోంది, ఇంజన్ కూత వెయ్యగానే సౌండ్ బద్దలైపోతోంది.

అందుకని కెమెరా కొందామనుకుంటున్నాను. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) మిర్రర్‌లెస్ కొంటే ఇక రెండింటికీ తిరుగుండదని కొందరంటారు, వీడియోకి క్యామ్‌కార్డరే మేలని ఇంకొందరు, యాక్షన్ కెమెరా చాలని మరికొందరు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. నేను ఫోటోలు పెద్దగా తియ్యను, వీడియోనే ముఖ్యం. సెకండ్ హ్యాండ్ అయినా ఇబ్బంది లేదు. మరీ బరువు మొయ్యలేను. అసలు దేన్ని చూసి కెమెరా ఎంచుకోవాలో చెప్పండి.

చిన్న చక్రాలు

మీ ఫోన్‌ని అప్పుడే పక్కన పెట్టెయ్యకండి. లేఅవుట్ వరకు అది చాలా ఖరీదైన కెమెరాల కంటే బాగా పనికొస్తుంది, దానికి కారణం ఉంది.

మోడల్ రైలు వీడియోలో బొమ్మ బండి అని ఇట్టే తెలిసిపోయేది ఫోకస్ వల్లే. నిజమైన ఇంజన్‌ని దూరం నుంచి తీస్తే ముందు బఫర్ నుంచి వెనక టెండర్ (బొగ్గు, నీళ్లు మోసే బండి) దాకా అంతా స్పష్టంగా ఉంటుంది, మన కన్ను దానికే అలవాటు పడింది. మోడల్‌ని దగ్గర నుంచి తీసినప్పుడు ఆ లోతు పోతుంది. ఉదాహరణకి ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి 50 మి.మీ. మాక్రో లెన్స్ పెట్టి, 30 సెం.మీ. దూరం నుంచి ఎఫ్/2.8లో, అంటే అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) బాగా తెరిచి తీస్తే స్పష్టంగా వచ్చేది 5, 6 మిల్లీమీటర్ల మందం మాత్రమే. 20 మీటర్ల ఇంజన్ హెచ్‌ఓలో, అంటే 1:87లో, 23 సెం.మీ. ఉంటుంది. పొగగొట్టం ఫోకస్‌లో ఉంటే క్యాబ్ మసకగా ఉంటుంది. అపెర్చర్‌ని ఎఫ్/16 దాకా మూసినా దక్కేది మూడు సెంటీమీటర్లే, దానికి 32 రెట్లు వెలుగు కావాలి. ఫోన్ సెన్సర్ చిన్నది కాబట్టి ఈ కష్టం చాలా వరకు ఉండదు. అందరూ పెద్ద సెన్సరే గొప్ప అంటారు గానీ మోడల్ రైళ్ల దగ్గర మాత్రం అది మనకి ఎదురు తిరుగుతుంది.

రెండోది ఎత్తు. పట్టాల పక్కన నిలబడ్డ మనిషి కంటి ఎత్తు 1.6 మీటర్లు అనుకుంటే హెచ్‌ఓలో అది 18 మిల్లీమీటర్లు. లెన్స్ మధ్యభాగం నేల నుంచి అంత ఎత్తులో ఉంటేనే బండి మీదికొస్తున్నట్టు అనిపిస్తుంది. పెద్ద కెమెరా లెన్స్ ఒళ్లే అంతకన్నా లావు, దాన్ని ఎక్కడ పెట్టినా చూపు పైనుంచే ఉంటుంది. ఫోన్‌ని తలకిందులుగా తిప్పి లెన్స్ కిందికి వచ్చేలా లేఅవుట్ మీద నిలబెట్టండి, బొమ్మని తర్వాత ఎడిటింగ్‌లో తిప్పుకోవచ్చు. ఇక్కడే ఒక జాగ్రత్త, వస్తువు బాగా దగ్గరికి రాగానే కొన్ని ఫోన్లు వాటంతట అవే ఇంకో లెన్స్‌కి మారతాయి, బండి వస్తుండగా ఫ్రేమ్ ఎగిరినట్టు అవుతుంది. సెట్టింగ్స్‌లో అది ఆపేసి, ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్ చేసుకోండి.

లైట్ల సంగతి కూడా చూసుకోవాలి. ఎల్ఈడీలు కంటికి నిలకడగా కనిపించినా వీడియోలో చారలు పడతాయి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట షట్టర్ 1/50 లేదా 1/100, 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 లేదా 1/120 పెడితే చాలా వరకు పోతాయి. డీసీసీ డికోడర్‌తో (మోడల్ ఇంజన్ లోపల ఉండే డిజిటల్ కంట్రోల్ చిప్) వెలుగు తగ్గించిన హెడ్‌లైట్లు మాత్రం అప్పుడు కూడా మిణుకుమంటాయి, ఎందుకంటే డికోడర్ ఆ బల్బుని చాలా వేగంగా ఆపుతూ వెలిగిస్తూ ఉంటుంది, దానికి కరెంటు హెర్ట్జ్‌తో సంబంధం లేదు. దాన్ని పూర్తి వెలుగులో పెట్టి తియ్యండి. ఇంకోటి, లైట్లు నాలుగు వైపుల నుంచీ పెట్టకండి. సూర్యుడు ఒక్కడే కాబట్టి నీడ కూడా ఒక్కటే పడాలి.

బండి వేగం కూడా ఒకసారి కొలుచుకోండి. గంటకు 60 కి.మీ. అంటే హెచ్‌ఓలో సెకనుకు 19 సెం.మీ. మాత్రమే. ఎక్కువ మంది దీనికి రెండు మూడు రెట్లు వేగంగా నడుపుతారు, అప్పుడు ఏ కెమెరా పెట్టినా లాభం లేదు.

నల్ల ఇంజన్

పైన చెప్పిన దాంతో ఏకీభవిస్తాను, కానీ అసలు ఆవిరి ఇంజన్ల దగ్గర లెక్క పూర్తిగా వేరు. అక్కడ నేను చూసే వరుస ఇది: ముందు ఆప్టికల్ జూమ్, తర్వాత మైక్ పెట్టుకునే సాకెట్, తర్వాత తెలుపుని పాడు చెయ్యకుండా ఎంతవరకు పట్టగలదో. మెగాపిక్సెళ్లు, 8కె లాంటివి నేనైతే అసలు పట్టించుకోను.

నల్లటి బాయిలర్, దాని పక్కనే ఎండ పడ్డ తెల్లటి ఆవిరి. కెమెరాకి ఇంతకన్నా కష్టమైన జంట ఇంకోటి ఉండదు. ఆటోలో వదిలేస్తే అది నల్ల ఇంజన్‌ని చూసి వెలుగు పెంచేస్తుంది, మీకు కనిపించిన తెల్ల ముద్ద అదే. తెలుపు ఒకసారి పోతే ఎడిటింగ్‌లో తిరిగి రాదు, నలుపులో ఉన్నదాన్ని కొంతవరకు పైకి లాగవచ్చు. అందుకే జీబ్రా చారలు, అంటే వెలుగు మరీ ఎక్కువైన చోట స్క్రీన్ మీద గీతలు, చూపించే కెమెరా కావాలి. బండి రాకముందే మాన్యువల్‌లో పెట్టి, ఆకాశంలో ఉన్న తెల్ల మబ్బుకి చారలు అప్పుడే మొదలయ్యేలా సరిచేసుకుని ఇక ముట్టుకోకండి. 10 బిట్, లాగ్ (వెలుగునీడల వివరాలు ఎక్కువగా దాచుకునే రికార్డింగ్ పద్ధతులు) ఉంటే మంచిదే, లేకపోతే కొనకూడదని కాదు. ఆవిరి బాగా కనిపించాలంటే చల్లటి పొద్దున వెళ్లాలి. నిజానికి ఆవిరి కంటికి కనిపించదు, మనం చూసేది అది చల్లబడి ఏర్పడిన నీటి బిందువులనే, గాలి ఎంత చల్లగా ఉంటే ఆ మేఘం అంత ఒత్తుగా, అంతసేపు నిలుస్తుంది. మధ్యాహ్నం ఎండలో అదే ఇంజన్ పొగ తప్ప ఏమీ వదలనట్టు ఉంటుంది.

ఫ్రేమ్ రేట్ విషయంలో ఒక చిన్న లెక్క చెప్తాను, నాకు చాలా ఇష్టమైనది. చక్రం వ్యాసం 1.5 మీటర్లు, చువ్వలు 12 అనుకోండి. బండి గంటకు 35 కి.మీ. వేగంతో పోతుంటే ఆ చక్రం సెకనుకు రెండు చుట్లకు కాస్త ఎక్కువ తిరుగుతుంది, అంటే సెకనుకు దాదాపు 25 చువ్వలు ఒకే చోటుని దాటతాయి. మీరు సెకనుకు 25 ఫ్రేములతో తీస్తుంటే ప్రతి ఫ్రేములోనూ చువ్వలు అదే చోట ఉంటాయి. రాడ్లు తిరుగుతూనే ఉంటాయి, చక్రం మాత్రం ఆగినట్టు కనిపిస్తుంది, వేగం కాస్త తగ్గితే వెనక్కి తిరిగినట్టు కూడా కనిపిస్తుంది. హెరిటేజ్ లైన్ల మీద బండ్లు నడిచేది దాదాపు ఈ వేగాల్లోనే కాబట్టి ఇది తరచూ ఎదురవుతుంది. 50 లేదా 60 ఫ్రేములతో తీసి అలాగే చూపిస్తే ఈ వేగంలో ఆ సమస్య చాలా వరకు తగ్గుతుంది. కాబట్టి 4కెలో 50 ఫ్రేములు ఇవ్వని కెమెరా అయితే నేను 1080లోనే 50 ఫ్రేములతో తీస్తాను.

రోలింగ్ షట్టర్ (బొమ్మని ఒక్కసారిగా కాక వరుస వరుసగా చదవడం) గురించి భయపెడుతుంటారు. బండితో పాటు కెమెరాని వేగంగా తిప్పితే వెనక స్తంభాలు వాలిపోయినట్టు వస్తాయి, అది నిజమే. దానికోసం సోనీ ఏ9 త్రీ లాంటి గ్లోబల్ షట్టర్ (బొమ్మంతా ఒకేసారి చదివే) కెమెరాకి పోనక్కర్లేదు. కెమెరాని కదపకుండా ట్రైపాడ్ మీద పెట్టి, బండిని ఫ్రేములోకి వచ్చి వెళ్లనివ్వండి. చూసేవాళ్లకి బరువు అప్పుడే తెలుస్తుంది.

ఆటోఫోకస్‌ని నమ్మితే ఆవిరి అడ్డం రాగానే ఫోకస్ దాని మీదికి పోతుంది, ఇంజన్ మసకబారుతుంది. ఒలింపస్ ఈ-ఎం1ఎక్స్ 2019లోనే రైళ్లని గుర్తుపట్టే ఆటోఫోకస్‌తో వచ్చింది, ఇప్పుడు ఇంకా చాలా కంపెనీల కెమెరాల్లో ఉంది. సాయపడుతుంది గానీ, పట్టాల మీద బండి ఎక్కడికి వస్తుందో మనకి ముందే తెలుసు కదా, ఆ చోటుకి మాన్యువల్‌గా ఫోకస్ పెట్టుకుంటే ఇక కదలదు.

ఇవన్నీ కలిపితే మీకు నేను చెప్పేది ఒక అంగుళం సెన్సర్ ఉన్న, లెన్స్ మార్చనక్కర్లేని బ్రిడ్జ్ కెమెరా. సోనీ ఆర్‌ఎక్స్10 ఫోర్‌లో 24 నుంచి 600 మి.మీ.కి సమానమైన జూమ్ ఉంది, ఆటోఫోకస్ బాగా పట్టుకుంటుంది. పానసోనిక్ ఎఫ్‌జడ్2000లో 24 నుంచి 480, లోపలే ఎన్‌డీ ఫిల్టర్ (నల్ల కళ్లద్దంలా వెలుగు తగ్గించేది) ఉంది, అది వీడియోకి పెద్ద వరం. ఎండలో ఐఎస్ఓ 100, షట్టర్ 1/50 పెడితే అపెర్చర్‌ని ఎఫ్/22 దాకా మూయాల్సి వస్తుంది, అంత మూస్తే బొమ్మ మెత్తబడుతుంది, ఎఫ్/5.6కి రావాలంటే నాలుగు స్టాపుల ఎన్‌డీ (ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది) ఉండాల్సిందే. రెండూ దాదాపు కిలో బరువు. అది ఎక్కువ అనిపించవచ్చు, కానీ ఫుల్‌ఫ్రేమ్‌కి 100-400 లెన్స్ తీసుకుంటే చాలా వాటిల్లో లెన్స్ ఒక్కటే కిలో దాటుతుంది.

చప్పుడు ముఖ్యం

అందరూ బొమ్మ గురించే మాట్లాడుతున్నారు. కళ్లు మూసుకుని విన్నా ఆవిరి ఇంజన్ అని తెలియాలి, అలా తెలియకపోతే ఆ వీడియో సగమే.

కూత దగ్గర సౌండ్ బద్దలవడానికి కారణం ఆటో గెయిన్, అంటే కెమెరా తనంతట తానే సౌండ్ లెవెల్ మార్చడం. బండి రాకముందు అంతా నిశ్శబ్దంగా ఉంటుంది కాబట్టి కెమెరా మైక్‌ని పూర్తిగా పెంచి పెడుతుంది, ఒక్కసారి కూత పడగానే పగిలిపోతుంది, వెంటనే భయపడినట్టు తగ్గించేస్తుంది, తర్వాత వచ్చే అసలైన చప్పుడు ఎక్కడో దూరంగా వినిపిస్తుంది. రెండు సిలిండర్ల ఇంజన్ అయితే చక్రం ఒక చుట్టు తిరిగేలోగా నాలుగు దెబ్బలు (పొగగొట్టంలోంచి ఆవిరి బయటికి కొట్టే చప్పుళ్లు) వినపడతాయి, మూడు సిలిండర్లదైతే మామూలుగా ఆరు. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ దెబ్బల్లో ఉండే హెచ్చుతగ్గులే ఆ ఇంజన్ ఎంత కష్టపడుతోందో చెప్తాయి. ఆటో గెయిన్ వాటన్నిటినీ ఒకే మట్టానికి తెచ్చి ప్రాణం తీసేస్తుంది.

కాబట్టి సౌండ్ లెవెల్ చేత్తో పెట్టుకునే వీలు లేని కెమెరా ఎంత మంచిదైనా కొనకండి. బాగా గట్టిగా వచ్చే చోట కూడా మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా పెట్టండి, కూతకి ఇంకా జాగా మిగులుతుంది. ఇంకా నిశ్చింతగా ఉండాలంటే 32 బిట్ ఫ్లోట్ రికార్డర్ (మెల్లటి చప్పుడునీ పెద్ద చప్పుడునీ పగలకుండా దాచేది) విడిగా తీసుకోండి, మైక్ తట్టుకోగలిగినంత వరకు లెవెల్ గురించి ఆలోచించే పనే ఉండదు. గాలికి బొచ్చు తొడుగు తప్పనిసరి, స్పాంజ్ ఒక్కటీ ఆరుబయట చాలదు.

దూరం నుంచి తీసినప్పుడు విజిల్ దగ్గర తెల్లటి ఆవిరి ముందు కనిపిస్తుంది, కూత తర్వాత వినిపిస్తుంది. 340 మీటర్ల దూరంలో ఉంటే దాదాపు ఒక సెకను తేడా. దాన్ని ఎడిటింగ్‌లో సరిచెయ్యకండి దయచేసి, ఆ తేడాలోనే దూరం ఉంది.

పట్టాల పక్కన

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. అంటే లేఅవుట్‌కి ఫోన్, బయటికి బ్రిడ్జ్ కెమెరా, ఒక చిన్న రికార్డర్. ఒకే కెమెరా అన్న ఆలోచన వదిలేస్తున్నాను. రెండు అనుమానాలు మిగిలాయి. సాయంత్రం షెడ్డులో ఇంజన్ నిలబడి ఉన్నప్పుడు క్యాబ్‌లోంచి వచ్చే మంట వెలుగు ఒక అంగుళం సెన్సర్‌తో వస్తుందా? లేఅవుట్ మీద బండిలోంచి చూస్తున్నట్టు తియ్యాలంటే యాక్షన్ కెమెరా పనికొస్తుందా?

దీపం వెలుగు

మొదటిదానికి నేను చెప్తాను, ఎందుకంటే నేను తీసేవి ఎక్కువగా చీకట్లోనే. సూటిగా చెప్పాలంటే కష్టం. మంట తలుపు తెరిచినప్పుడు ఫైర్‌మ్యాన్ ముఖం మీద పడే ఎర్రటి వెలుగు, చుట్టూ ఉన్న చీకటి, ఈ రెండూ కలిసి కావాలంటే పెద్ద సెన్సర్, ఎఫ్/1.8 లాంటి లెన్స్ ఉండాలి, అక్కడ ఫుల్‌ఫ్రేమ్‌కి పోటీ లేదు. ఒక అంగుళం దాంతో రంగు మచ్చలు పడతాయి. కానీ జూమ్‌ని పూర్తిగా వైడ్‌లో ఉంచి, అక్కడ దొరికే పెద్ద అపెర్చర్ వాడి, చీకటిని చీకటిగానే వదిలేస్తే మంట వరకు బాగానే వస్తుంది. మీ వీడియోల్లో ఎక్కువ భాగం రాత్రివే అయితే తప్ప ఇందుకోసం మొత్తం ఎంపిక మార్చుకోవద్దు.

చిన్న చక్రాలు

యాక్షన్ కెమెరాల్లో చాలా వాటికి ఫోకస్ స్థిరంగా ఉంటుంది, 30 సెం.మీ. కంటే దగ్గరివి మసకగా వస్తాయి. హెచ్‌ఓలో ముఖ్యమైన దృశ్యమంతా ఆ లోపలే ఉంటుంది. పైగా దాన్ని పెట్టెలేని వ్యాగన్ మీద ఎక్కిస్తే సొరంగం నోట్లోంచి తగలకుండా దూరుతుందా లేదా ముందు చేత్తో తోసి చూసుకోవాలి. కొనేముందు దగ్గర ఫోకస్ ఎంత అని వివరాల్లో తప్పకుండా చూడండి. లావోవా వాళ్ల 24 మి.మీ. ప్రోబ్ లెన్స్ అని ఒకటుంది, పొడుగ్గా సన్నగా గొట్టంలా ఉంటుంది, స్టేషన్ కప్పు కిందికి కూడా దూరుతుంది, బొమ్మ అద్భుతం. కాకపోతే అది లెన్స్ మార్చే కెమెరాకే పెట్టగలం, పెద్ద అపెర్చరే ఎఫ్/14 కాబట్టి లైట్లు బోలెడు కావాలి.

నల్ల ఇంజన్

సెకండ్ హ్యాండ్ అంటున్నారు కాబట్టి ఒక్క మాట. కొనేముందు ఏదైనా తెల్ల గోడ వైపు తిప్పి, అపెర్చర్ ఎఫ్/11కి మూసి, జూమ్ మొదలు నుంచి చివరిదాకా తిప్పుతూ రికార్డ్ చెయ్యండి. ఇలాంటి కెమెరాల్లో జూమ్ ముందుకీ వెనక్కీ కదిలేటప్పుడు దుమ్ము లోపలికి వెళ్లవచ్చు, లెన్స్ ఊడదు కాబట్టి సెన్సర్ మీద మచ్చ ఉంటే మనం తుడవలేం. మైక్, హెడ్‌ఫోన్ సాకెట్లలో ప్లగ్ పెట్టి అటూ ఇటూ కదిపి గరగర వస్తుందేమో వినండి. కొన్నాక ముందు ఒక క్లియర్ ఫిల్టర్ బిగించండి. ఇంజన్ బయల్దేరేటప్పుడు సిలిండర్ కాక్స్ (సిలిండర్‌లో చేరిన నీళ్లు వదిలే కుళాయిలు) తెరుస్తారు, నీళ్లూ నూనే కలిసిన ఆవిరి పక్కకి చిమ్ముతుంది, ఆ జిడ్డు లెన్స్ కోటింగ్ మీద పడితే వదలడం చాలా కష్టం. ట్రైపాడ్ ప్లాట్‌ఫాం మీద పెట్టనిస్తారో లేదో మాత్రం అక్కడి సిబ్బందిని ముందే అడగండి, కొన్నిచోట్ల మోనోపాడ్‌కి మాత్రమే ఒప్పుకుంటారు.