ఆపకుండా కిలోమీటరు ఈదడమా, సెట్లుగా విడగొట్టి ఈదడమా?

కలువతీగ:
ఫిట్‌నెస్ కోసం ఈదేవాళ్లకు సెట్లూ సెకన్ల లెక్కలూ ఎందుకు, నీళ్లలో దిగి అరగంట ఆపకుండా ఈదితే చాలదా అని చాలామంది అంటారు. ఫ్రీస్టైల్ వచ్చి, 100 మీటర్లు ఆగకుండా ఈదగలిగి, ఆ తర్వాత ఆయాసపడే మనిషిని తీసుకుందాం. 25 మీటర్ల పూల్, వారానికి మూడు రోజులు, రోజుకి 45 నిమిషాలు. దమ్ము పెరగాలి. ఇతనికి ఏ పద్ధతి సరైనది? కారణాలతో చెప్పండి.

బారలెక్క:
సెట్లే. ఇందులో నాకు అనుమానం లేదు.

పరుగులో అలిసిపోతే వేగం తగ్గుతుంది, అంతే. ఈతలో అలిసిపోతే ముందు ఆకారం చెడుతుంది. మోచెయ్యి కిందికి జారి, అరచెయ్యి నీటిని వెనక్కి తోయడం మానేసి కిందికి నొక్కుతుంది. గాలి కోసం తల పైకెత్తుతాం, తల లేస్తే నడుము మునుగుతుంది, కాళ్లు వేలాడతాయి. అప్పుడు ఒళ్లంతా నీటికి అడ్డం పడుతుంది. నీటి నిరోధం దాదాపు వేగం వర్గంతో పెరుగుతుంది, దాన్ని దాటడానికి కావలసిన శక్తి ఘనంతో. వేగం 5 శాతం పెంచాలంటే సుమారు 16 శాతం ఎక్కువ శక్తి పెట్టాలన్నమాట. అందుకే బలంతో గెలవాలని చూస్తే ఈతలో లాభం తక్కువ, ఒంటిని చదునుగా నిలబెట్టుకుంటే ఎక్కువ.

ఒక లెంగ్త్‌కి, అంటే పూల్ ఈ చివర నుంచి ఆ చివరకి, ఎన్ని బారలు పడుతున్నాయో లెక్కపెట్టండి, రెండు చేతులవీ కలిపి. మొదటి లెంగ్త్‌లో 20 పడి, ఎనిమిదో లెంగ్త్‌కి 25 అయితే, అక్కడి నుంచి మీరు సాధన చేస్తున్నది చెడ్డ ఈతని. 600 మీటర్లు ఒకే దమ్ములో ఈదితే అందులో సగానికి పైగా ఇలాగే పోవచ్చు. అదే 600ని 12×50గా, అంటే 50 మీటర్ల చొప్పున పన్నెండుసార్లు చేసి మధ్యలో 20 సెకన్లు ఆగితే, ప్రతి 50లోనూ లెంగ్త్‌కి 20, 21 బారల దగ్గర నిలబెట్టుకోవచ్చు. అంత తక్కువసేపు ఆగితే గుండె పూర్తిగా చల్లబడదు కాబట్టి దమ్ముకి అందే వ్యాయామమూ పోదు.

లోతునీరు:
బారలెక్క గారూ, ఆకారం గురించి మీరన్నదంతా ఒప్పుకుంటాను. కానీ 20 సెకన్ల విశ్రాంతి అని కాగితం మీద రాసుకున్నవాళ్లు పూల్‌లో చేసేది వేరు. ప్రతి 50నీ ఒక పందెంలా కొట్టి, గోడ పట్టుకుని నిమిషంన్నర రొప్పుతారు. అది దమ్ము పెంచే శిక్షణ కాదు, చిన్న చిన్న స్ప్రింట్లు.

అసలు 100 దగ్గరే ఆయాసం ఎందుకు? చాలామందిలో గుండె బలహీనత వల్ల కాదు, ఊపిరి వదలకపోవడం వల్ల. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ గాలి బిగబట్టి, తల తిప్పాక వదిలి, ఆ కొద్ది క్షణంలోనే పీల్చాలని చూస్తారు. లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, గాలి చాలట్లేదన్న గాభరా పుడుతుంది. ముఖం నీటిలో ఉండగానే ముక్కుతో, నోటితో బుడగలు ఆపకుండా వదిలితే తల తిప్పినప్పుడు పీల్చడం ఒక్కటే పని. ఈ లయ ఒంటికి అలవాటవ్వాలంటే నెమ్మదిగా, ఆగకుండా ఈదే సమయం కావాలి. ప్రతి 50కీ గోడ దగ్గర ఊపిరి సర్దుకునే అవకాశం ఉంటే తప్పు అలాగే దాగి ఉండిపోతుంది.

సెకన్ల_ముల్లు:
లోతునీరు గారు చెప్పిన రోగానికి మందు ఉంది: విశ్రాంతిని కాదు, బయల్దేరే సమయాన్ని నిర్ణయించుకోవడం. 50ని 1:15లో ఈదగలిగితే ప్రతి 1:35కీ ఒకసారి బయల్దేరాలి. తొందరపడి 1:05లో కొడితే 30 సెకన్లు మిగులుతాయి, కానీ నాలుగో 50కే దాని ఫలితం తెలిసిపోతుంది. ఆఖరిది మొదటిదానికంటే 2 సెకన్లకు మించి ఆలస్యమైతే మొదట్లో వేగం ఎక్కువైందని అర్థం.

ఏ వేగం సరైనదన్నదానికి పాత పరీక్ష ఒకటుంది. బాగా వామప్ చేశాక 400 మీటర్లు వీలైనంత వేగంగా, చివరిదాకా ఒకే తీరుగా ఈదాలి. పూర్తిగా తేరుకున్నాక 200. రెండూ గోడను తన్నే మొదలుపెట్టాలి, డైవ్ వద్దు. 400కి 9:36, 200కి 4:36 పట్టాయనుకోండి. తేడా 5:00, అందులో సగం 2:30. అదే మీ 100 మీటర్ల ఆధార వేగం, క్రిటికల్ స్విమ్ స్పీడ్ అంటారు. 8×100 ఈ వేగంతో, 2:50కి ఒకటి చొప్పున చేస్తే కష్టంగా ఉంటుంది, కానీ కూలిపోరు. 400ని మొదటి 100లోనే దంచేస్తే దాని సమయం పాడై, లెక్కంతా తప్పుతుంది.

వాచీ చూపించే గుండె వేగాన్ని ఇక్కడ పెద్దగా నమ్మొద్దు. నీళ్లలో పడుకున్న భంగిమ, నీటి ఒత్తిడి, చల్లదనం కలిసి గుండె వేగం పరుగులో కంటే తక్కువగా ఉంటుంది, తరచుగా నిమిషానికి పది దాకా. పరుగుకి పెట్టుకున్న గుండె వేగం జోన్లతోనే ఈదితే లేనిపోని కష్టం పెట్టుకున్నట్టే. పైగా మణికట్టు సెన్సర్‌కి, చర్మానికి మధ్య నీళ్లు చేరితే అంకె కూడా తప్పుతుంది.

లోతునీరు:
పరీక్ష మంచిదే, కానీ ఈ మనిషికి పనికిరాదు. 100 దగ్గర ఆగిపోయేవాడు 400 పరీక్ష ఎలా రాస్తాడండీ? అతనికి ముందు 400 ఈదగలిగే ఊపిరి కావాలి. నేనంటున్నది అదే.

సెకన్ల_ముల్లు:
నిజమే, మొదటి నెలల్లో అది వద్దు. ఇతనికి 8×50 చాలు, పైన చెప్పిన 2 సెకన్ల నియమంతో.

కలువతీగ:
పుల్ బాయ్ (తొడల మధ్య పెట్టుకునే తేలే దిమ్మ) పెట్టుకుంటే ఆయాసం లేకుండా 400 వెళ్లొచ్చని అంటారు కదా. దాన్ని మెట్టుగా వాడొచ్చా?

బారలెక్క:
వద్దండీ. తొడల మధ్య పుల్ బాయ్ కాళ్లను పైకి తేలుస్తుంది, అంటే మీ అసలు లోపాన్నే కప్పేస్తుంది. తీసేసిన మరుక్షణం కాళ్లు మళ్లీ మునుగుతాయి. తల కిందికి దించి చూపు పూల్ అడుగుకి పెట్టడం, మోకాలి నుంచి కాకుండా తుంటి నుంచి చిన్నగా కాళ్లాడించడం, ఈ రెండూ ఆ పని చేస్తాయి. కాళ్లు పెద్దగా కొడితే పెద్ద కండరాలు ఆక్సిజన్ అంతా తినేస్తాయి, దూరం ఈదేటప్పుడు వచ్చే వేగం మాత్రం స్వల్పం. చేతి పాడిల్స్, అంటే అరచేతికి తగిలించుకునే పలకలు, అయితే ఈ దశలో అసలే వద్దు. జారిన మోచేతితో పాడిల్ లాగితే భారమంతా భుజం ముందువైపు పడుతుంది.

తీరపురాయి:
భుజం మాట వచ్చింది కాబట్టి. చెయ్యి నీళ్లలో దిగేటప్పుడు తల మధ్యగీతను దాటి అవతలికి పోవడం, బొటనవేలు ముందు దిగేలా అరచేతిని తిప్పడం, ఈ రెండు అలవాట్లూ భుజంలో స్నాయువును నలిపేస్తాయి. చెయ్యి భుజం వరసలోనే, వేళ్ల కొసలతో దిగాలి. చెయ్యి పైకెత్తినప్పుడు గుచ్చినట్టు నొప్పి వస్తే ఆ రోజు ఈత ఆపేయాలి, ఓర్చుకుని దూరం పూర్తి చేయకూడదు.

ఈతలో శరీర బరువు ఎముకల మీద పడదు. గుండెకి ఎంత మంచిదైనా ఎముకల గట్టిదనం కోసం వారానికి రెండు రోజులు బరువులో, మెట్లెక్కడమో ఉండాలి.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. దమ్ము పెంచుకోవాలని గబగబా ఊపిరి తీసి, తర్వాత బిగబట్టి నీటి అడుగున ఈదే పద్ధతి కొందరు చేస్తుంటారు. అలా గబగబా తీసిన ఊపిరి కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించేస్తుంది, గాలి కావాలన్న హెచ్చరిక రాకముందే స్పృహ పోతుంది. నడుము లోతు నీళ్లలోనూ మనుషులు చనిపోయారు. ఎవరూ చేయొద్దు.

బారలెక్క:
అయితే 45 నిమిషాల పథకం ఇది. వామప్ 200, నెమ్మదిగా, 50కోసారి ఆగుతూ. తర్వాత 6×25 డ్రిల్: ఒక చెయ్యి ముందు చాచి ఉంచి, రెండోది వచ్చి దాన్ని తాకాకే బార వేయడం, మధ్య 20 సెకన్లు. అసలు సెట్ 12×50, ప్రతి 1:35కీ బయల్దేరుతూ. అది 19 నిమిషాలు. చివర 100 తేలిగ్గా. మొత్తం 1,050 మీటర్లు, దాదాపు 40 నిమిషాల్లోపు అయిపోతుంది. బారలు రెండు పెరిగిన చోట సెట్ ఆపేయండి, 12 పూర్తవ్వకపోయినా సరే.

పెంచేటప్పుడు ఒక్కటే మార్చండి. విశ్రాంతి 20 నుంచి 15, ఆ తర్వాత 10. అది నిలబడ్డాక 6×100, మళ్లీ 20తో. వేగం, దూరం, విశ్రాంతి మూడూ ఒకే వారంలో కదిపితే ఏది పనిచేసిందో తెలియదు.

లోతునీరు:
మూడు రోజుల్లో రెండింటికి ఇది ఒప్పుకుంటాను. మూడో రోజు మాత్రం గడియారం చూడకుండా, మూడు బారలకోసారి ఊపిరి తీస్తూ, మాట్లాడగలిగేంత తేలిగ్గా ఆపకుండా ఈదాలి. మొదటి వారం 150, తర్వాత 200, అలా వారానికి 50 కలుపుతూ. మూడు బారల లయ ఇబ్బందైతే రెండుకి మారొచ్చు, పూల్ ఆ చివర నుంచి తిరిగి వచ్చేటప్పుడు వైపు మార్చాలి, లేదంటే మెడ ఒక పక్కకే అలవాటుపడుతుంది.

బారలెక్క:
ఆ రోజు కూడా బారలు లెక్కపెట్టాలి. 25 దాటితే ఆగాలి. అది వదులుకోను.

లోతునీరు:
లెక్కపెడుతూ ఈదితే ఊపిరి మీద ధ్యాస ఉండదు. చివరి రెండు లెంగ్త్‌లలో లెక్కపెట్టుకుంటే చాలు.