సమస్యాపూరణం: ‘నన్ను మరచినపుడె నన్ను గంటి’

ఇది ఆటవెలదిలో నాలుగో పాదం. పై మూడూ మీరు పూరించాలి. తనను మరచినవాడికి తాను కనబడటం ఎలా? నామజపం, సంకీర్తన వస్తువుగా ఈ వైరుధ్యాన్ని విప్పండి. జపమాల చేతిలో ఉండగా కునుకు పడితే వచ్చే మరుపు మాత్రం వద్దు.

కరీంనగర్ సభ్యులు:

రామ రామ యనుచు రాత్రంత జపియింప
పేరు కరిగె పదవి బింక మణగె
వినెడివాడు పలుకు వేల్పొక్కటై నిల్చె
నన్ను మరచినపుడె నన్ను గంటి

రిటైరయ్యాక ‘ఇక నేనెవరిని?’ అనే టెన్షన్‌తో ఏడాది గడిపాను. జపం మొదలుపెట్టింది అప్పుడే.

నిర్వాహకులు: మూడో పాదం చాలా బాగుందండీ. జపంలో వాచికం (పైకి పలకడం), ఉపాంశువు (పెదవులు మాత్రం కదలడం), మానసం (మనసులోనే అనుకోవడం) అని మూడు మెట్లు చెబుతారు. మీ పద్యం పైకి పలకడంతో మొదలై మానసానికి చేరింది. ‘రాత్రంత’లో సంధి కుదరదు. ‘రాత్రులు’ అంటే గణం (గురులఘువుల కూర్పు), యతి (పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన అక్షరమైత్రి) రెండూ నిలుస్తాయి.

ఖమ్మం సభ్యులు:

గోలకొండ చెరను గోపన్న పాడగ
గోడ కరగ కనుల గుడియె నిలిచె
కొలువు పోయి దాస కులమందు జేరితి
నన్ను మరచినపుడె నన్ను గంటి

నిర్వాహకులు: మొదటి పాదంలో గోపన్న ‘అతడు’, మూడో పాదానికి ‘నేను’ అయిపోయాడు. ‘గోపన్న’ బదులు ‘గొంతెత్తి’ అనండి. అప్పుడు పద్యమంతా ఆయన నోటి మాటే అవుతుంది. చెర, దాసకులం ఉన్నాయి కాబట్టి పేరు చెప్పకపోయినా రామదాసని తెలుస్తుంది.

హైదరాబాదు సభ్యులు: నాదో మాట. కోటలో ఆ చెర చూశాను. ఆయన చెక్కుకున్నవని చెప్పే సీతారాముల బొమ్మలు ఇప్పటికీ గోడమీద ఉన్నాయి. ఆ గోడను కరిగించడమెందుకు? ‘గోడ నాకు రాము గుడిగ నిలిచె’ అంటే?

ఖమ్మం సభ్యులు: మీ పాదమే తీసుకుంటున్నానండీ. నమస్కారం.

అనంతపురం సభ్యురాలు (మొదటి ప్రయత్నం):

భజన ముగిసి లేచి పక్కింటి యవ్వకు
గంజి పట్టి యామె కనుల హరిని
జూచి నామఫలము చూరగొంటిని తల్లి
నన్ను మరచినపుడె నన్ను గంటి

నిర్వాహకులు: అమ్మా, ఈ పూరణ నన్ను కదిలించింది. మిగతావారు జపంలోనే తమను కనుగొన్నారు. మీరు జపం అయ్యాక, అది పంపిన పనిలో కనుగొన్నారు. నామం మనిషిని ఎక్కడికి చేర్చాలో ఇంత తేలిక మాటల్లో చెప్పడం కష్టం. దిద్దుబాట్లు రెండే. ‘ముగిసి లేచి’ అంటే లేచింది కూడా భజనే అవుతుంది. ‘ముగియ’ అనండి, గణం చెడదు. ‘తల్లి’ పాదపూరణ కోసం వేసినట్టుంది. ‘నేడు’ అంటే సరిపోతుంది.

అనంతపురం సభ్యురాలు: ‘ముగియ’ అని మార్చుకున్నాను గురువుగారూ. ‘తల్లి’ మాత్రం పాదం నింపడానికి వేసింది కాదండీ. ఆ అవ్వను నేను అలాగే పిలుస్తాను.

నిర్వాహకులు: అయితే ‘తల్లి’నే ఉంచండమ్మా.