మామగారికి గుండెపోటు లక్షణాలు ఫోన్లో నేర్పించడం ఎలా? (బెంగళూరు)

హోసూర్‌రోడ్డు_అల్లుడు: పోయిన నెల మామగారికి స్టెంట్ వేశారు. డిశ్చార్జ్ రోజున క్యూఆర్ కోడ్ కార్డు ఇచ్చారు. స్కాన్ చేస్తే గుండెపోటు లక్షణాల వీడియో వస్తుంది, కన్నడ, ఇంగ్లిష్‌లోనే. ఆయనకి తెలుగు తప్ప రాదు. తెలుగులో మంచి వీడియో, యాప్ ఏమైనా ఉందా? రాత్రయితే టెన్షన్.

వైట్‌ఫీల్డ్_కోడలు: భాష ఒక్కటే కాదండీ. మా అత్తగారు అలాంటి వీడియో నాలుగుసార్లు చూశారు. అందులో ఒకాయన గుండె పట్టుకుని కూలబడతాడు. ఈవిడకి షుగర్ ఉంది, అందుకేనేమో ఛాతీనొప్పే రాలేదు. చెమటలు, ఆయాసం, దవడ లాగడం, అంతే. "వీడియోలోలాగా లేదమ్మా, గ్యాసే" అని సోడా తాగి పడుకున్నారు. తెల్లారి తీసుకెళ్తే గుండె కండరం చాలా దెబ్బతిందన్నారు. ఆ వీడియో తీసినవాళ్ళు కనిపిస్తే అడగాలని ఉంది.

టెక్కీ_తిరుపతి: అందుకే స్మార్ట్ వాచీ కొనివ్వమనేది. పన్నెండేళ్ళుగా హెల్త్ యాప్‌లు చేస్తున్నా. వాచీ ఈసీజీ నార్మల్ అంటే నిశ్చింతగా పడుకోవచ్చు.

జయనగర్_నర్సు: నిశ్చింతా?! అది ఒక్క లీడ్, అంటే గుండెను ఒక్క కోణం నుంచే చూస్తుంది. గుండె లయ తప్పితే కొంతవరకు పట్టుకుంటుంది. గుండెపోటుకి 12 లీడ్ల ఈసీజీ కావాలి, ఆసుపత్రికి చేరిన 10 నిమిషాల్లో తీయాలి. గుండెపోటును తమ వాచీతో పట్టుకోవడం కుదరదని యాపిల్ వాళ్ళే రాసుకున్నారు.

టెక్కీ_తిరుపతి: మేడమ్, అల్గారిదం అంటే తెలుసా మీకు?

జయనగర్_నర్సు: తెలీదు బాబూ. వాచీ నార్మల్ అందని ఇంట్లోనే ఉండిపోయి ఆలస్యంగా వచ్చేవాళ్ళు తెలుసు.

మడివాళ_బాబాయ్: గొడవెందుకు. గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగుతుందని మా గ్రూపులో వచ్చింది, పెట్టనా?

జయనగర్_నర్సు: వద్దు బాబాయ్ గారూ! 108 నంబరు పెట్టండి.

మడివాళ_బాబాయ్: సిల్క్‌బోర్డు ట్రాఫిక్ దాటి వచ్చేసరికి ఆ 108...

కోలార్_కుర్రోడు: 2021లో కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ గుండెపోటుతో పోయినప్పుడు ఇక్కడి జయదేవ గుండె ఆసుపత్రి ముందు చెకప్‌కి జనం బారులు తీరారు, గుర్తుందా? ఇప్పుడు ఆయన పేరు మీదే పథకం ఉంది. తాలూకా ఆసుపత్రిలో తీసిన ఈసీజీ పెద్దాసుపత్రి డాక్టర్లు అక్కడినుంచే చూస్తారు, రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ తాలూకాలోనే ఇస్తారు. టెక్నాలజీ అంటే అదీ, వాచీలు కాదు.

టెక్కీ_తిరుపతి: అందరూ నా మీదే పడండి.

హోసూర్‌రోడ్డు_అల్లుడు: నేనడిగింది తెలుగు వీడియో! సరే, నేనే నిమిషం వాయిస్ మెసేజ్ చేశాను: ఛాతీలో బరువు, చెయ్యి, దవడ, చల్లని చెమట, ఆయాసం, ఏది వచ్చినా గ్యాస్ అనుకోకుండా నన్ను లేపండి అని. మామయ్యగారు దాన్ని తీసుకెళ్ళి ఊరి గ్రూపులో పెట్టేశారు. కింద పద్నాలుగు దండాలు, "అల్లుడికేమైంది?" అని మూడు ఫోన్లు.